ఎర్ర కోటులో మనిషి

తడి దుప్పట్లు దండెం మీద ఆరేస్తుంటే మా ఆయన గుమ్మంలోకి వచ్చి, "మంచి ప్రకృతి ఫొటోకి ఏం కావాలి అన్నది నా పుస్తకంలో చివరి అధ్యాయం. చెప్తాను, రాసుకో" అన్నారు. చేతుల్లో దుప్పటి నీళ్ళోడుతోంది, నోట్లో రెండు క్లిప్పులున్నాయి. రాసుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడినుంచి తేవాలో ఆయన చెప్పలేదు. అయినా ఫరవాలేదు, ఆయన చెప్పబోయేదంతా నాకు కంఠతా వచ్చు. నేలా ఆకాశం కలిసే గీత ఫొటోకి సరిగ్గా నడుమన పడకూడదు. ముందువైపు రాయో రప్పో ఏదో ఒకటి ఉండాలి, కంటికి అడుగు వేయడానికి చోటు దొరుకుతుంది. ఎండ నెత్తికెక్కకముందే తీయాలి, లేకపోతే బాగా వాలాక తీయాలి. వెలుగు వచ్చేదాకా కాచుకుని కూర్చునే ఓపిక ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కడో దూరంగా ఒక చిన్న మనిషి ఉండాలి. మనిషి ఉంటేనే కొండ ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఆ చిన్న మనిషిని నేనే. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఉద్యోగం చేస్తున్నాను.

మా ఇంటి ముందుగదే స్టూడియో. దరఖాస్తులకి అతికించే చిన్న ఫొటోలు తీసేది నేను, వాటికి కంప్యూటర్లో టచింగ్ చేసేది నేను. మొటిమలు తీసేస్తాను, కళ్ళకింద నలుపు తీసేస్తాను, వంకర కాలరు సరిచేస్తాను. ఇల్లు గడిచేది ఆ ముఖాలతోనే. ఆయన ముఖాల జోలికి రారు. ఆయనకి కొండలు, నదులు, మబ్బులు కావాలి. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా ఆయన్ని కొండల మాస్టారు అంటారు. ఎగ్జిబిషన్లు పెట్టారు, శాలువాలు కప్పించుకున్నారు. ప్రతి గొప్ప ఫొటోలోనూ ఒక మూలన, గోరంత, ఎర్ర కోటు తొడుక్కుని వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక ఆడమనిషి ఉంటుంది. ఆ కోటు నేను ముచ్చటపడి కొనుక్కున్నది కాదు. దూరానికి బాగా కనిపిస్తుందని ఆయన కొనుక్కొచ్చారు. నాకు ఎరుపు నప్పదు. నప్పాల్సిన అవసరం లేదని, అంత దూరాన్నుంచి ఎవరికి తెలుస్తుందని అన్నారు.

"ముఖం కనపడకూడదు. వెనక్కి తిరుగు." ఈ రెండు ముక్కలు ఎన్ని కొండల మీద విన్నానో లెక్కలేదు. ముఖం కనిపిస్తే చూసేవాళ్ళు ముఖాన్నే చూస్తారట, దృశ్యాన్ని చూడరట. అందుకని గంటలకొద్దీ వీపు ఆయనకిచ్చి నిలబడేదాన్ని. కాళ్ళు పీకుతున్నా, కడుపులో నొప్పి మెలిపెడుతున్నా, చాటుకి వెళ్ళాల్సిన అవసరం ముంచుకొచ్చినా, "కదలకు, వెలుగు వస్తోంది" అని వెనకనుంచి కేక వినిపించేది. ఆ వెలుగు ఒక్కోసారి రెండు గంటలకి గాని వచ్చేది కాదు. ఒకసారి నిలబడ్డచోటే బట్టలు తడిశాయి. ఆ ఫొటోకి బహుమతి వచ్చింది. ఇంటికొస్తే అత్తయ్య, "నీకేమమ్మా, మొగుడితో కలిసి షికార్లు. మా రోజుల్లో గుమ్మం దాటితే ఒట్టు" అనేవారు. ఆవిడ అన్నదాన్లో అసూయ కూడా ఉంది, అది నిజమైన అసూయ. అందుకే నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.

అయితే ఒక్క సంగతి ఉంది. ఆయన కెమెరా చిన్న కంతలోంచి చూసే సమయంలో నేను మొత్తం చూసేదాన్ని. ముందు ఏ కొండ అంచు తెల్లబడుతుందో, మబ్బు ఎంతసేపటికి పక్కకి జరుగుతుందో, నీళ్ళు రంగు మారేముందు ఒక్క క్షణం ఎలా బిగుసుకుంటాయో నాకు తెలిసిపోయేది. ఇప్పుడు నొక్కాలి అని లోపల అనుకునేదాన్ని. వెనకనుంచి కెమెరా చప్పుడు తర్వాత ఎప్పుడో వినిపించేది. ఎన్నోసార్లు ఆలస్యంగా వినిపించేది.

నాలుగేళ్ళ కిందట ఒక సరస్సు దగ్గరికి వెళ్ళాం. తెల్లవారుజామునుంచి నన్ను నీళ్ళ ఒడ్డున నిలబెట్టి చాలా తీశారు, ఏదీ నచ్చలేదు. పైకి, గట్టు మీదకి వచ్చి కెమెరా స్టాండు పెట్టుకుని, అక్కడనుంచీ నాలుగు తీసి నన్ను పైకి పిలిచారు. అంతలో సన్నగా జల్లు మొదలైంది. లెన్సుల సంచీ కింద రాతిమీద మరిచిపోయామని అప్పుడు గుర్తొచ్చింది. మరిచిపోయింది ఆయనే, మరిచిపోయాం అన్నది మర్యాద కోసం. "ఆ కోటిలా ఇవ్వు, నువ్వు కెమెరాకి గొడుగు పట్టు, దేన్నీ ముట్టుకోకు" అని, నా ఒంటిమీది ఎర్ర కోటు తీసుకుని తొడుక్కుని, తలమీదకి దాని టోపీ లాక్కుని దిగిపోయారు. నేను తడుస్తూ గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికి పదిహేనేళ్ళలో మొదటిసారి నేను గట్టు మీద, ఆయన నీళ్ళ దగ్గర.

మబ్బు చిరగబోతోందని నాకు ముందే తెలిసింది. గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, స్టాండు కాళ్ళు కుదించి, రెండడుగులు ఎడమకి జరిపాను. ముందు నల్లరాయి వచ్చింది. నేల గీత కిందికి దిగింది. ఎర్ర కోటు రాళ్ళ మధ్యనుంచి నడుస్తోంది, చాలా చిన్నగా. వెలుగు నీళ్ళమీద పడింది. ఒక్కసారే నొక్కాను. రెండోసారి అక్కర్లేదని తెలుసు. మళ్ళీ స్టాండుని ముందు ఉన్నట్టే పెట్టేశాను, దొంగతనం చేసినట్టు. ఆయన రొప్పుతూ పైకొచ్చేసరికి మబ్బు మూసుకుపోయింది. సంచీ మరిచిపోయినందుకు ఆ రోజు నన్ను చాలా తిట్టారు. నాకు ఒక్క మాటా తగల్లేదు. అంత సంతోషంగా ఉన్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్లో ఒక్కొక్కటీ చూస్తూ ఆయన దాని దగ్గర ఆగారు. కుర్చీలో ముందుకి జరిగారు. "చూశావా, అప్పుడే తీసేశానన్నమాట. నాకే గుర్తులేదు" అన్నారు. ఆ కళ్ళలో అంత ఆనందం అంతకుముందు చూడలేదు. ముట్టుకోకు అంటే ముట్టుకున్నానని ఎలా చెప్పను? రేపు చెబుదాం అనుకున్నాను. ఆ మర్నాటికి దానికి పేరు పెట్టేశారు, నలుగురికి చూపించేశారు. ఇంక చెప్పడం అంటే ఆయన చేతిలోంచి లాక్కోవడమే. నా తప్పు ఏదన్నా ఉంటే అది ఆ ఒక్క సాయంత్రం నోరు మెదపకపోవడం. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటాను.

నాలుగేళ్ళలో ఆ ఫొటో ఎక్కని గోడ లేదు. క్యాలెండర్ల మీద వచ్చింది, ఆసుపత్రి వరండాల్లో తగిలించారు, మా హాల్లో అత్తయ్య కుర్చీకి ఎదురుగా తలుపంత వేశారు. ఆయన క్లాసుల్లో పాఠం మొత్తం ఆ ఒక్క ఫొటో మీదే. చూసినవాళ్ళు నా వైపు తిరిగి, "అది మీరేనా" అని అడిగేవాళ్ళు. ఆయనే జవాబు చెప్పేవారు, "ఆవిడ లేందే నా ఫొటో లేదు" అని. అందరూ ఎంత మంచి భర్తో అనుకునేవారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ఆ మాట అనేటప్పుడు ఆయన అబద్ధం ఆడటంలేదు. నిజంగానే అది నేనే అనుకుంటున్నారు. అది తలుచుకుంటేనే ఎక్కువ కష్టంగా ఉండేది.

మొన్న ఆయన పుస్తకం అచ్చు వేస్తున్న ఆవిడ అట్ట నమూనా పట్టుకుని వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై ఉంటాయేమో, చొరవైన మనిషి. అట్టమీద సరస్సు ఫొటోయే. లోపల పేజీలో వేయడానికి నా గురించి రెండు మాటలు రాస్తానంది. "ఈ ఫొటోలో నిలబడ్డప్పుడు మీకేమనిపించిందండీ?" అని అడిగింది. పంతొమ్మిదేళ్ళలో నాకేమనిపించిందని అడిగిన మొదటి మనిషి. ఆ అడగడం వల్లనే అనుకుంటాను, నోరు జారింది. జారిందని ఎందుకు అనాలి, చెప్పాను.

"అందులో ఉన్నది నేను కాదు."

ఆయన నవ్వేశారు. మా ఆవిడకి ఇలాంటి సరదాలు ఎక్కువ అన్నారు. ఆ అమ్మాయి నా ముఖంలోకి ఒకసారి చూసి, ఏదో అడగబోయి మానేసి, అట్ట ఖరారుచేసి ఎల్లుండికి పంపమని చెప్పి వెళ్ళిపోయింది. గేటు మూసుకున్న చప్పుడు అయ్యాక ఆయన ఏమిటది అన్నారు. నేను కంప్యూటర్లో అసలు ఫొటో తెరిచి, ఆ ఎర్ర మనిషిని పెద్దది చేశాను. ఇంకా పెద్దది చేశాను. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంది, ఏళ్ళ తరబడి సంచీ మోసిన భుజం. కాళ్ళకి నా చెప్పులు లేవు, ఆయన గోధుమరంగు బూట్లున్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఆ చిన్న మనిషిని దగ్గరగా చూడటం అదే మొదలు.

తెరమీద ఆ బూట్ల వైపు వంగి చూశారు. నేను ఎదురుచూశాను. నువ్వు తీశావా అంటారనుకున్నాను. ఒక్క మాట చాలు, ఎవరికీ చెప్పక్కర్లేదు, ఈ గదిలో మా ఇద్దరి మధ్య అంటే చాలు. నా ఆశ అంతవరకే.

"ఇప్పుడేమంటావు?" అన్నారు.

"ఇది నేను తీసింది అంటాను."

"కెమెరా ఎవరిది? ఆ చోటు వెతికి పట్టుకున్నది ఎవరు? స్టాండు పెట్టింది ఎవరు? బటన్ నొక్కడం కూడా ఒక పనేనా?"

క్లాసులో పిల్లలకి ఆయన చెప్పేది నాకు గుర్తొచ్చింది. కెమెరా ఎవరిదైనా కావచ్చు, ఎప్పుడు నొక్కాలో తెలిసినవాడే ఫొటోగ్రాఫర్ అంటారు. గుర్తుచేయాలనిపించలేదు. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి, మామూలు గొంతుతో, "ఆ మనిషిని తీసెయ్. అట్టమీద పేరు వేయడానికి ఎలాగూ చోటు చాలట్లేదు. అసలుది కూడా ఉంచకు" అన్నారు.

అత్తయ్య హాల్లో కుర్చీలో కూర్చుని అంతా వింటున్నారు. నేను మంచినీళ్ళకని వెళితే గోడమీది ఫొటో వైపు చూస్తూ, "వాడి నడక నాకు తెలియదా. తగిలించినరోజే తెలుసు" అన్నారు. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలోంచి ఆవిడ రోజూ చూస్తున్నది తన కొడుకునని నాకు అప్పుడు తెలిసింది.

"తెలిసి ఎందుకూరుకున్నారత్తయ్యా?"

"నువ్వూ ఊరుకున్నావుగా" అన్నారు ఆవిడ. గొంతులో ఎత్తిపొడుపు లేదు. మీ ఇద్దరూ వేరా ఏమిటి, ఎవరు తీస్తేనేం, ఇంట్లోదేగా అన్నారు. అది ఆవిడ చాలా ఏళ్ళ కిందట తనకి తను చెప్పుకున్న మాటలా ఉంది. మావయ్యగారి పేరుమీద చెల్లుబాటయిన ఆవిడ పనులు ఎన్ని ఉన్నాయో నేను ఎప్పుడూ అడగలేదు. అప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఆయన నా కుర్చీ వెనక నిలబడి ఉండగా మొదలుపెట్టాను. పక్కన ఉన్న రాళ్ళలోంచి కొంత, నీళ్ళలోంచి కొంత తీసుకొచ్చి కప్పుకుంటూ పోవాలి. బూట్లు పోయాయి, భుజం పోయింది, టోపీ పోయింది. మనిషి మొత్తం పోయాక కూడా నీళ్ళలో ఎర్రటి నీడ మిగిలింది. దాన్ని తీయడానికి ఇంకో గంట పట్టింది. నా పనితనం ఎలాంటిదంటే అక్కడ ఎవరో ఉండేవారని దేవుడు కూడా కనిపెట్టలేడు. అంతా అయ్యాక చూస్తే సరస్సు నీటిగుంటలా అయిపోయింది. ఎంత పెద్దదో ఏమిటో తెలియడంలేదు. మాస్టారు చెప్పే పాఠం నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయనకీ తెలిసింది, కాసేపు తల పంకించారు. "బాగుంది" అన్నారు. తర్వాత అసలు ఫొటో ఎక్కడుందో వేలుపెట్టి చూపించారు. తీసేశాను. చివరి అధ్యాయంలో చిన్న మనిషి గురించిన పేరా కూడా కొట్టేయమన్నారు. గొప్ప దృశ్యానికి మనిషి అక్కర్లేదు అని ఒక వాక్యం చెప్పారు, టైపు చేశాను. హాల్లో ఫొటో దింపి బీరువా వెనక పెట్టారు. అత్తయ్య ఇప్పుడు ఉత్త గోడ వైపే చూస్తూ కూర్చుంటున్నారు. ఆవిడ కుర్చీ మాత్రం తిప్పుకోలేదు.

గోడలమీద మిగిలినవన్నీ ఆయన పేరుతో ఉన్నవే, నాది అని చెప్పుకోవడానికి ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఉన్నప్పుడూ చెప్పుకోలేదు.

ఇవాళ పొద్దున్నే మళ్ళీ బయల్దేరాం. కొత్త కొండ, మంచి మంచు. పుస్తకంలో అక్కర్లేదని రాయించిన మనిషి ఆయనకి మళ్ళీ కావలసివచ్చింది. కోటు నా చేతిలో పెట్టి, అదిగో ఆ బండ దగ్గర అని చెయ్యి చూపించారు. తొడుక్కుని నడిచాను. బండ దగ్గరికి వెళ్ళాక తిరిగి ఆయన వైపు ముఖంపెట్టి నిలబడ్డాను.

వెనక్కి తిరుగు అని కేకేశారు. వినపడలేదేమోనని ఇంకోసారి కేకేశారు. చేతులు ఊపారు. నేను టోపీ తీసేసి, జుట్టు వెనక్కి నెట్టుకుని, కెమెరా కంతలోకి సూటిగా చూస్తూ ఉండిపోయాను. కొండ అంచు తెల్లబడుతోంది. మంచు చిరుగుతోంది. ఇప్పుడు నొక్కకపోతే వెలుగు పోతుందని ఆయనకి తెలుసు. కాస్త ఆలస్యంగా, చప్పుడు వినిపించింది. ఇంటికెళ్ళాక ఏమంటారో నాకు తెలుసు, నా కుర్చీ వెనక నిలబడి తీసెయ్ అంటారు. ఆ పని ఆయనకి రాదు. ఆ ఫొటోలోంచి నన్ను చెరిపేయాలంటే నేనే ఒప్పుకోవాలి.