వంపు దగ్గర ఆగిన కారు

కాలుతున్న రబ్బరు వాసన. దాని మీద గొర్రె వాసన.

చిన్న కారు. తెల్ల కారు. అద్దె కారు. మొదటి గేరులో మూలుగుతూ కొండ ఎక్కుతోంది.

ఒక వంపు. ఇంకో వంపు. మళ్ళీ వంపు...

స్టీరింగు పట్టుకున్నది బురుల్. బిష్కెక్‌లో బట్టలు కుట్టుకుని బతికే మనిషి. పక్కన అన్న జపార్. జపార్‌కు కారు నడపడం రాదు, సలహాలివ్వడం మాత్రం దివ్యంగా వచ్చు. వెనక సీట్లో కాళ్ళు కట్టేసిన గొర్రె. కారు అద్దెకిచ్చినవాడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "జంతువుల్ని ఎక్కించకక్కా. ఇది బండి, దొడ్డి కాదు."

కానీ చావింటికి పిల్లలు చేతులూపుకుంటూ వెళ్ళకూడదు కదా. బజారులో గొర్రెను బేరమాడేసరికి సగం పొద్దు పోయింది. నల్ల రుమాలు వెతికేసరికి ఇంకాస్త పోయింది. ఆ రుమాలు ఇప్పుడు బురుల్ తలకు ఉంది.

అమ్మ పోయింది.

ఆ మాట ఎవరూ అనలేదు. అనరు. మా కిర్గిజుల్లో చావు కబురు ఫోన్లో చెప్పడం మోటుతనం. ఒంట్లో బాగాలేదు, రండి — అంటారు. విన్నవాళ్ళకు అర్థమవుతుంది. అర్థం కానట్టు బయల్దేరతారు. ఇంటికి చేరాక పెద్దలు భుజం మీద చెయ్యివేసి చెబుతారు. అప్పుడు ఏడవాలి. అంతదాకా గొంతులోనే తొక్కిపెట్టాలి. మర్యాద తెలిసిన జాతి మాది.

పొద్దున సోనున్ పిన్ని ఫోన్ చేసింది. ఊళ్ళో అమ్మను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే.

"అమ్మకి ఒంట్లో కొంచెం బాలేదే. నువ్వూ అన్నా ఒకసారి వచ్చిపోండి."

బురుల్ ఇంకేమీ అడగలేదు. సరే పిన్నీ అంది. ఫోన్ పెట్టేసి, కత్తెర చేతిలోనే ఉంచుకుని, అలాగే నేలమీద కూలబడింది.

ఒక వంపు. ఇంకో వంపు...

సగం కొండ ఎక్కాక కారు మొరాయించింది. ముందు మూత కింద నుంచి ఆవిరి. జపార్ దిగి, రాయి మీద కూర్చుని, రొట్టె విప్పాడు. కారు చల్లబడాలి. చల్లబడేదాకా తినాలి. దుఃఖం ఆకలిని ఆపదు, అతనిది అసలే ఆపదు.

ఎదుటి కొండ మీద ఊరు. ఇల్లు కనబడుతోంది. వాకిలికి కొట్టం అడ్డం. చావింట వాకిట్లో ఉన్ని గుడారం లేస్తుంది — అది లేచిందో లేదో ఇక్కడి నుంచి తెలియదు. పొగగొట్టంలోంచి పొగ మాత్రం వస్తోంది.

ఆ పొగను చూసి బురుల్‌కు ఒక పాడు ఆలోచన వచ్చింది. దాని పేరు ఆశ.

"అన్నా... నిజంగానే ఒంట్లో బాగాలేదేమో?"

"పిచ్చిమొహమా! నాన్న పోయినప్పుడు మనకేం చెప్పారు? పెదనాన్న పోయినప్పుడో? ఇదే మాటగా!"

"పోనీ నువ్వూ గొర్రే ఇక్కడుండండి. బరువు తగ్గితే కారు ఎక్కేస్తుంది. నేను ముందు వెళ్తా."

"అంటే నేను గొర్రెను తోలుకుంటూ రావాలా? తల్లి చావుకి కొడుకు నడిచొచ్చాడని ఊరంతా నవ్వదూ? కూర్చోవే. పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు."

బురుల్ కూర్చుంది.

తను కూర్చుంది. ఎవరూ కాళ్ళు కట్టెయ్యలేదు. తాళంచెవి తన చేతిలోనే ఉంది.

అప్పుడు ఫోన్ మోగింది. తెర మీద — అమ్మ.

జపార్ గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎత్తకు. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఏమో. నోరుజారి చెప్పేస్తారు. నువ్వీ కొండ మీద గుండెలు బాదుకుంటుంటే బండి నేను నడపనా?"

మోగింది. మోగింది. ఆగింది.

మళ్ళీ మోగింది.

బురుల్ ఫోన్‌ను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది. తొడ మీద అది వణుకుతూనే ఉంది... తర్వాత వణకలేదు.

ఊరు చేరేసరికి ఎండ వాలింది. గేటు దగ్గర ఏడ్చే మగవాళ్ళు లేరు. గుడారం కనబడలేదు. బురుల్ గుండె ఎగిరి గంతేసింది. కొట్టం దాటి చూసింది — నలుగురు మనుషులు గుడారం కర్రలు అప్పుడే నిలబెడుతున్నారు. ఉన్ని చుట్టలు నేలమీదే ఉన్నాయి.

సోనున్ పిన్ని తడి చేతులతో బయటికొచ్చింది. బురుల్ తలమీది నల్ల రుమాలు చూసి ఆగిపోయింది.

"నీకప్పుడే ఎవరు చెప్పారే?"

"పొద్దున నువ్వే కదా పిన్నీ..."

"నేనా? ఒంట్లో బాలేదన్నాను! బాలేదు కాబట్టి బాలేదన్నాను!"

బురుల్ కారు తలుపు పట్టుకుంది.

"మంచం కిటికీ దగ్గరికి లాగమందే తల్లీ. పొద్దుట్నించి దారే చూసింది. తెల్ల కారు వస్తోంది, నా పిల్లలే అంది. వంపు దగ్గర ఆగిపోయిందేం, చెడిపోయిందా అంది. ఫోన్ ఇటివ్వు, వాళ్ళ గొంతు వింటానంది. రెండుసార్లు చేసింది. ఎత్తలేదేమే?"

జపార్ అప్పటికే నడుం వంచి శోకం మొదలుపెట్టాడు. నన్ను కన్న తల్లీ... అని. గొంతు బాగుంటుంది అతనిది. కర్రలు నిలబెడుతున్నవాళ్ళు పని ఆపి, తలలు వంచి విన్నారు.

బురుల్‌కు ఏడుపు రాలేదు. పొద్దుట్నించి తొక్కిపెట్టింది, ఇప్పుడు రమ్మంటే రాదు.

అమ్మను కడగడానికి పక్కగదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ దగ్గర మంచం ఖాళీ. బురుల్ దాని మీద కూర్చుంది. అక్కడి నుంచి దారంతా కనబడుతుంది. జపార్ కూర్చున్న రాయి కూడా.

పిన్ని వచ్చి అమ్మ ఫోన్ చేతిలో పెట్టింది. ఓష్‌లో ఉన్న చెల్లెలు కెరెజ్‌కు ఇంకా కబురు లేదు. అక్కవి, నువ్వే చెప్పాలి అంది. వేరేగా చెప్పకు, ఒంటరిగా ఉంటుంది పిల్ల, ఎలా చెప్పాలో అలాగే చెప్పు అంది.

అవతల కెరెజ్ గొంతు సంబరంగా పలికింది. "అమ్మా!"

"నేను... బురుల్‌ని. అమ్మకి ఒంట్లో కొంచెం బాగాలేదు. రా."



"అక్కా... నిజంగా ఒంట్లోనే బాగాలేదా?"

బురుల్ నోరు తెరిచింది.

కిటికీ అవతల ఒక వంపు. ఇంకో వంపు. ఎవరిదో బండి మొదటి గేరులో మూలుగుతూ కొండ ఎక్కుతోంది...