అరచెయ్యి కోసిన గ్లౌజులు

చిలకని మోసుకొచ్చి ఫ్యాక్టరీ వాకిట్లో పడుకోబెట్టినప్పుడు కాంట్రాక్టరు నోట్లోంచి వచ్చిన మొదటి మాట నీళ్లు కాదు, ఆస్పత్రి కాదు. "బీడీ," అన్నాడు. "లోపల బీడీ వెలిగించాడు వెధవ. అందరూ చూశారుగా?"

ఎవరూ చూడలేదు, చూడ్డానికి అక్కడ బీడీ ఉంటేగా. చిలకకి బీడీ వాసనే పడదు. పక్కవాడు ముట్టిస్తే లేచి అవతలికి పోయే రకం. ఆ సంగతి కాంట్రాక్టరుకీ తెలుసు, తెలిసే అన్నాడు. మనిషి ఒంటి మీద చొక్కా ఇంకా పొగలు కక్కుతుంటే వీడు అప్పుడే సాక్షుల్ని కూడగట్టుకుంటున్నాడు. పనిచేసేవాడి ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఇలాంటి వాళ్ల బుర్ర చురుగ్గా నడుస్తుంది.

వదిన వాడి వంక చూడలేదు. బకెట్టు మీద బకెట్టు నీళ్లు తెప్పించి చిలక మీద పోస్తోంది. చిలక ఆమెకి స్వయానా మరిది. వాడి పిలుపే ఫ్యాక్టరీ అంతటికీ అంటుకుని, తల నెరిసిన వాచ్‌మన్ కూడా ఆమెని వదినా అనే పిలుస్తాడు. మరిదికి చిలక అనే పేరూ అక్కడే పడింది. పనిలో చేరిన రోజు తల నుంచి కాలి దాకా పచ్చపొడి కొట్టుకుని బయటికొచ్చాడు, జలుబుకి ముక్కు ఒక్కటే ఎర్రగా ఉంది. ఇంకేం కావాలి, చిలక అయి కూచున్నాడు.

వదిన వాడి కుడిచేతి గ్లౌజు మెల్లగా లాగింది. మందమైన నల్ల రబ్బరు గ్లౌజు, పైన మాడి ముడుచుకుపోయింది. లోపల చెయ్యి మాత్రం చెక్కుచెదరలేదు. మోచెయ్యి నుంచి పైకి చూడ్డానికి లేదు. ఆ గ్లౌజుని కొంగులో చుట్టుకుంది, ఎందుకో అప్పుడు ఆమెకే తెలీదు.

వాళ్లు చేసేది ఇనప కుర్చీలకీ కిటికీ చట్రాలకీ రంగు వేసే పని. అది డబ్బాల్లో వచ్చే తడి రంగు కాదు, పిండిలాంటి పొడి. గన్నుతో చల్లితే, ఆ గన్ను పొడికి కరెంటు పట్టిస్తుంది. పొడి ఎగిరిపోయి ఇనుముకి అతుక్కుంటుంది. తర్వాత ఓవెన్‌లో కాలిస్తే గట్టిపడుతుంది. ఇనపముక్కల్ని హుక్కులకి తగిలించడం వదిన పని, బూత్ అనే రేకుగదిలో నిలబడి గన్ను పట్టడం చిలక పని. ఆ గదిలో పొడి దట్టంగా కమ్ముకుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే పెద్ద ఫ్యాను ఎప్పటికప్పుడు పొడిని లాగేస్తుండాలి. అసలు ఫ్యాను తిరగందే గన్ను పలకకూడదు. మిషన్ చేసినవాడు అంత కట్టుదిట్టంగానే చేశాడు, కొన్నవాడి ఆశే దాని కట్లు తెంపింది.

ఇక గ్లౌజుల కథ. ఎండలు ముదరకముందు వీళ్లంతా కలిసి గేటు ముందు బైఠాయించారు. పొడికీ, ఇనుముని కడిగే మందుకీ చేతులు పగిలి సబ్బు తగిలితే ప్రాణం పోయేది. గ్లౌజులు ఇవ్వందే లోపలికి రామన్నారు. ముందు నిలబడి గొంతెత్తింది వదినే. సాయంత్రానికల్లా కాంట్రాక్టరు దిగొచ్చాడు. పెళ్లిలో తాంబూలాలు పంచినట్టు తలా ఒక జత పంచి, ఫొటో కూడా తీయించుకున్నాడు.

"ఇంత తేలిగ్గా ఇచ్చాడేమిటే?" అంది ఇనుము కడిగే పిన్ని.

"మన దెబ్బ అలాంటిది పిన్నీ," అంది వదిన.

ఆ వారంలోనే చిలక వచ్చి మొరపెట్టుకున్నాడు. "వదినా, ఈ గ్లౌజులు తొడిగినప్పట్నుంచీ మోచెయ్యి బూత్ తలుపుకి తగిలితే చాలు, చురుక్కుమంటోంది."

"మీ ఆవిడ గిల్లినట్టా?"

"ఆవిడ గిల్లితే ఇంకా నయం."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది వదిన. ఆస్పత్రి వరండాలో కూచున్నప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చి ఆమె తన నోటి మీద తనే కొట్టుకుంది. లోపల చిలక కట్ల మధ్య నుంచి ఒకే మాట చెప్పాడు. "బీడీ కాదు వదినా. మోచెయ్యి తగిలింది. చురుక్కుమంది. అంతే, గదంతా భగ్గుమంది."

మర్నాడు సాయంత్రం కాంట్రాక్టరు కబురు పంపాడు. పొద్దున ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసరు విచారణకి వస్తాడు, బీడీ వెలిగించడం చూశామన్న వాళ్లకే పని ఉంటుంది, మిగిలినవాళ్లు గేటు అవతలే అని. కబురు విన్నవాళ్లంతా ఫ్యాక్టరీ వెనక టీకొట్టు పాక కిందికి చేరారు. యూనియన్ మనిషి కళ్లజోడు కూడా వచ్చాడు.

"బీడీ అంటే పోయేదేముంది," అని ఓవెన్ దగ్గర పనిచేసే బాబాయి నసిగాడు. "వాడికి ఎలాగూ..."

"ఎలాగూ? మాట పూర్తి చెయ్యి బాబాయ్," అంది వదిన.

బాబాయి తల దించుకున్నాడు. "నాకూ సంసారం ఉందమ్మా."

"వాడికీ ఉంది. బీడీ అని రాసుకుంటే వాడి వైద్యం కంపెనీకి పట్టదు, పెళ్లాంబిడ్డలు వీధిన పడతారు. ఫ్యాను అలాగే ఉంటుంది. రేపు ఆ గన్ను పట్టుకునేది నీ అల్లుడే."

అప్పుడు మూల నుంచి కరెంటాయన లేచాడు. ఫ్యాక్టరీలో వైర్లపని చూసే మనిషి, ఎప్పుడూ ఎవరి జోలికీ పోడు. ఆ రోజు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "ఫ్యాను తిరక్కపోయినా గన్ను పలికేట్టు వైరు కలిపింది నేనే," అన్నాడు. "పొడిని పట్టే ఫిల్టర్లు పూడుకుపోయి ఫ్యాను లాగలేకపోతోంది, కొత్తవి తెమ్మన్నాను. ఎందుకు దండగ, ఫ్యాను ఆపి నడిపించెయ్ అన్నాడు కాంట్రాక్టరు. కాదంటే గేటు అవతలే అన్నాడు. కలిపాను."

పాకంతా ఒక్కసారి లేచింది. ఎవడో ఆయన కాలరు పట్టుకున్నాడు, ఇంకొకడు చెయ్యెత్తాడు. వదిన అడ్డం దూరింది.

"ఈయన చెంప చేతికందుతోంది కాబట్టి కొడతామంటున్నారు. కలపమన్నవాడి చెంప అందదుగా. ముందు వదలండి, ఇంకా ఏదో చెప్పాలనుకుంటున్నాడు."

కరెంటాయన కాలరు సర్దుకోలేదు. "ఇంకొకటుంది. పొడికి పట్టే కరెంటు గన్ను పట్టిన వాడి ఒంటికీ కొంత ఎక్కుతుంది. ఉత్త అరచేత్తో పిడి పట్టుకుంటే ఆ దారినే ఎర్త్ వైరు గుండా భూమిలోకి దిగిపోతుంది. మధ్యలో రబ్బరు పెడితే దిగదు. ఒంట్లోనే నిలిచి, ఇనుము తగలగానే రవ్వై దూకుతుంది. గన్ను పట్టే చేతి గ్లౌజుకి అరచెయ్యి ఉండకూడదని మిషన్ బిగించినవాళ్లు ఫ్యాక్టరీ ఓనరుకీ కాంట్రాక్టరుకీ నా ముందే చెప్పారు. ఆ మాట నేనూ మింగాను."

పిన్ని తన గ్లౌజులు తిప్పి చూసుకుంది. ఆమే అంది. "ఆ గ్లౌజులు అడిగింది మనమే."

"ఆ మాట బయట అనకండి," అన్నాడు కళ్లజోడు. "ఓనరు దాన్నే పట్టుకుంటాడు. మీరడిగారు, నేనిచ్చాను అంటాడు."

"అననీ అన్నా," అంది వదిన. "అడిగింది నేనే. చేతులు కాపాడమని అడిగాను, తెలీక అడిగాను. కాంట్రాక్టరు తెలిసీ చవక రబ్బరు తెచ్చి మన చేతుల్లో పెట్టి ఫొటో తీయించుకున్నాడు. తెలీనివాళ్ల తప్పూ తెలిసినవాడి తప్పూ ఒకటే ఎలా అవుతుంది? వాడు మన సిగ్గు మీదే బతుకుతున్నాడు. మనం తప్పు ఒప్పుకుంటే ఇక వాడి పప్పులు ఉడకవు."

కళ్లజోడు అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "సరే, ఒప్పుకునే మాట్లాడదాం," అన్నాడు.

వదిన టీకొట్టావిడని కత్తెర అడిగింది. తన గ్లౌజులు తీసి అరచేతుల మేర గుండ్రంగా కోసింది. ఆ తర్వాత కత్తెర చేతులు మారింది.

"నీది గన్ను పని కాదుగా పిన్నీ, నువ్వెందుకు కోస్తావ్?" అన్నాడెవరో.

"ఎల్లుండి గన్ను నా చేతికివ్వరని నువ్వు హామీ ఇస్తావా?" అంది పిన్ని, కత్తెర ఆపకుండా.

పొద్దున ఆఫీసరు వచ్చాడు. ఓనరు కారు దిగి ఆయనకి కుర్చీ వేయించాడు. కూలీలందరూ గ్లౌజులు తొడుక్కుని వరసగా నిలబడాలని హుకుం. బూత్ కడిగించి, రేకులకి కొత్త రంగు కొట్టించారు. మొన్నటి మంట అక్కడ పుట్టిందంటే ఎవరూ నమ్మరు. కాంట్రాక్టరు బాబాయి భుజం మీద చెయ్యేసి ముందుకి తోశాడు.

"చెప్పు, నువ్వేం చూశావో."

బాబాయి ఆ చేతిని భుజం మీంచి తీసేశాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తాడు. నల్లటి గ్లౌజుల మధ్య నుంచి కాయలు కాచిన అరచేతులు కనిపించాయి. "బీడీ చూళ్లేదు. ఆగిపోయిన ఫ్యాను చూశాను. రోజూ చూశాను."

పక్కన పిన్ని చేతులెత్తింది. ఆమె పక్కన కరెంటాయన, ఆ పక్కన కడిగేవాళ్లూ తగిలించేవాళ్లూ. వరస చివరి దాకా అరచేతులు లేచాయి. ఆఫీసరు కుర్చీలో కదిలాడు.

"ఏమిటీ వేషాలు?" అన్నాడు కాంట్రాక్టరు. "గన్ను ఆన్ చెయ్యండి. లైను నడవాలి."

"ముందు ఫిల్టర్లు మార్చి ఫ్యాను వెయ్యి," అంది వదిన. "దొంగ వైరు తీయించు. ఎర్త్ వైరు మా ముందు చూపించు. పొడి పేరుకుని ఎర్త్ అందని హుక్కులు గీకడానికి మనుషుల్ని పెట్టు. చిలక వైద్యం కంపెనీది అని అందరిముందూ చెప్పు. అప్పుడు నడుస్తుంది లైను."

"గ్లౌజులు అడిగింది మీరు, ఇచ్చింది నేను," అన్నాడు ఓనరు నెమ్మదిగా. ఆ మాట కోసమే కూచున్నట్టున్నాడు.

"అవును, అడిగాం," అంది వదిన. "ఏం ఇవ్వాలో నీకు తెలుసు. తెలిసి ఏం ఇచ్చావో ఆఫీసరు గారికి చెప్పు."

ఓనరు మొహం మాడింది. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు, మళ్లీ వస్తానని లేచాడు. ఆయన కారు వీధి మలుపు తిరిగేలోగా పోలీసు వ్యాను వచ్చింది. ముందే చెప్పి ఉంచారన్నమాట. పనిలోకి దిగకుండా బూత్ ముందు బైఠాయించిన జనంలోంచి వదినని జుట్టు పట్టి లేవదీశారు. చెల్లాచెదురు అవుతారనుకున్నారు. ఎవరూ లేచి పరిగెత్తలేదు, లాఠీ తగిలిన చోట తడుముకుంటూ అక్కడే కూచున్నారు.

స్టేషన్లో ఎస్సై కాగితం ముందేసుకుని అడిగాడు. "కంపెనీ ఆస్తి ధ్వంసం చేశావని ఫిర్యాదు. గ్లౌజులు కోసింది నువ్వేనా?"

వదినకి నవ్వొచ్చింది, అంత కడుపుమంటలోనూ. మనిషిని కాల్చినవాడి మీద కేసు లేదు, రబ్బరు కోసినందుకు జైలు. "నేనే," అంది. "రాసుకో."

ఆమె మాట పూర్తికాలేదు. గుమ్మంలో బాబాయి నిలబడ్డాడు. లోపలికొచ్చి తన గ్లౌజులు బల్ల మీద పెట్టాడు. "ఇవి నేను కోశాను. నా పేరూ రాయండి." వెనకే పిన్ని. "ఇవి నావి." కరెంటాయన తన జత పెడుతూ, "నా మీద ఇంకొకటి కూడా రాసుకోవాలి సార్, వైరు సంగతి," అన్నాడు. పక్క వీధి ఫ్యాక్టరీల్లో గన్ను పట్టేవాళ్లు కూడా కబురు విని వచ్చారు, వాళ్ల గ్లౌజులు అప్పటికే కోసి ఉన్నాయి. బల్ల నిండి గ్లౌజులు నేల మీదికి జారుతున్నాయి.

ఉన్నట్టుండి గుంపు రెండుగా విడిపోయింది. మధ్యలోంచి చిలక భార్య వచ్చింది. చెప్పులు లేవు, చంకలో బిడ్డ. వదిన మొహం చూడగానే, "అక్కా, ఇందాకే పోయాడు," అంది. వదిన ఆమెని పట్టుకోబోయింది, కానిస్టేబుల్ చెయ్యి వదల్లేదు.

చిలక భార్య బల్ల దాకా నడిచింది. ఆస్పత్రిలో వదిన తనకి దాచమని ఇచ్చిన ఆ మాడిన గ్లౌజు తీసి, కుప్ప మీద పెట్టి, అరచెయ్యి పైకి కనిపించేట్టు తిప్పింది. నల్ల రబ్బరు, ఎక్కడా కోత లేదు.

"వీటన్నిటిలో కొయ్యనిది ఇదొక్కటే సార్," అంది. "ముందు దీని కేసు రాయండి."

ఎస్సై కలానికి మూత పెట్టబోయాడు. వచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే స్టేషన్ నేల మీద కూచోవడం మొదలుపెట్టారు.