సత్తు కట్టె

ఇసుక కాంట్రాక్టర్ నరేందర్‌ను నేను చచ్చేదాకా క్షమించను. ఘనపూర్ దగ్గర మా వాగులో సర్కారు చూపిన చోటు వదిలేసి, మా గట్టు కిందనే జేసీబీ పెట్టి తవ్వించాడు. ఆ గట్టు కూలితే వెనక ఉన్నది నా పొలం. అడ్డం పోయిన ప్రతిసారీ అతని మనుషులు జీపులోంచి బ్యాట్లు తీసేవాళ్లు. క్రికెట్‌వి కావు. రోకళ్లలా గుండ్రంగా ఉండే బేస్‌బాల్ బ్యాట్లు. ఆ ఆట ఆడేవాణ్ని మా దగ్గర ఇంతవరకు చూడలేదు.

మొదట్లో కర్రవి తెచ్చారు. ఒకటి మా ఊరి లింగయ్య వీపు మీదనే విరిగింది. ఆ ముక్క పట్టుకుపోయి ఠాణాలో ఇచ్చాం. మళ్లీ దాని జాడ లేదు. తర్వాత అల్యూమినియంవి వచ్చాయి. పలచటి రేకు. ట్రాక్టర్‌కు తగిలి ఒకటి సొట్టపోతే తండా ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అల్యూమినియాన్ని మేం సత్తు అంటాం. చేజారి కింద పడితే సొట్టపోయే అన్నం గిన్నె సత్తుదే. దాన్ని చూసి భయపడేదెవరు?

ఆ నవ్వే మా కొంప ముంచింది.

ఈ ఎండాకాలం కొత్తవి తెచ్చారు. అదే మెరుపు. తండా టీక్యా లుంగీ ఎగ్గట్టి లారీ ముందు నిలబడ్డాడు.

"రారా, నీ సత్తు కట్టె నాకియ్యి. కరిగిచ్చి గిన్నె పోయించుకుంట!"

జీపు దిగినవాడు బ్యాటు ఎత్తి కొట్టిన దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టాడు. కట్టె చేతిని విరిచి, వెనకున్న లారీ బంపర్‌కు తాకింది. ఖంగుమని మోగిన మోత వాగు అవతలి దాకా వినబడింది. బ్యాటు సొట్టపోలేదు. టీక్యా ముంజేయి వేలాడింది.

"కాటమన్నా, ఇది సత్తు గాదే..." అంటూ నా మీద ఒరిగాడు.

అందరం ఒక్కసారి మీద పడేసరికి వాళ్లు ఆ బ్యాటు వదిలేసి జీపెక్కారు. ఠాణాకు పోతే ఎస్సై నవ్వాడు. "ఆట సామాను. ఆయుధమని ఎట్ల రాయాలె?"

మర్నాడు టీక్యా ఇంటి ముందు కూర్చున్నాం. పాలకుర్తి నుంచి వచ్చిన విద్యార్థి సంఘం ప్రియ ఆ బ్యాటును తిప్పి చూసింది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"అమెరికాల కర్రవి ఇరుగుతున్నయని సత్తువి చేసిన్రు కాకా. అవి సొట్టపోతున్నయని గట్టి లోహాలు కలిపిన్రు. రెండు పొరలు పెట్టిన్రు. బంతి తూటా లెక్క పోయి పిల్లలకు తాకుతుంటే, గింత జోరు పనికిరాదని బ్యాటుకే రూల్ పెట్టిన్రు."

టీక్యా భార్య మంగ్లీ తల ఎత్తింది. "ఆడ బంతి తాకితెనే రూల్ పెట్టిన్రా బిడ్డా? ఈడ మనిషి చెయ్యి ఇరిగితే ఆట సామాను అంటున్నరు."



"మనం గూడ గసొంటివే కొందాం" అన్నాడు తండా కుర్రాడు వాల్యా.

"కొను. రేపు వాళ్లు ఇంకో రకం తెస్తరు. ఎన్నని కొంటవ్ రా?" మంగ్లీ కసిరింది. "గది ఎట్ల మోగిందో ఇన్నరు గదా. ఇగ మనకోసం మోగనీయుండ్రి."

వాగు దారిలో తుమ్మచెట్టుకు ఆ బ్యాటును వేలాడదీశాం. లారీ చప్పుడైతే చాలు, దగ్గరున్నవాళ్లు ఇనుపరాడ్‌తో కొట్టేవాళ్లు. ఊరూ తండా చేతిలో పని వదిలి ఉరికొచ్చేవి. ఇంతమంది ముందు జీపులోంచి దిగడానికి ఒక్కడికీ ధైర్యం చాల్లేదు. లారీలు ఖాళీగా మళ్లాయి.

అప్పుడు నరేందర్ ఠాణాకు పోయి, తన బ్యాటు దొంగిలించారని కేసు పెట్టాడు. తొలి వాన పడ్డ మర్నాడే పట్టపగలు వ్యాన్ వచ్చింది.

"గీ బ్యాటు దొంగ ఎవడు?" ఎస్సై అరిచాడు.

"నేనే సార్" అన్నాడు టీక్యా, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి. "ఈ చేత్తోనే పట్టిన."

"నేను." "నేను గూడ." లింగయ్య, మంగ్లీ, వాల్యా, నేను. వ్యాన్ నిండింది. ఇంకా ఎక్కబోతుంటే పోలీసులు నెట్టేశారు. చెట్టుకున్న తాడు కోసి బ్యాటు తీసుకున్నారు.

వ్యాన్ కదలగానే వెనక నుంచి మోత. మా ఊరి వెంకటనర్సమ్మ తన సత్తు బిందెను రాడ్‌తో బాదుతోంది. ప్రతి దెబ్బకూ సొట్ట పడుతోంది. మోత మాత్రం ఆగలేదు. చేన్లలోంచి జనం దారి మీదికి ఉరికొస్తున్నారు.

వ్యాన్ గట్టు పక్కనుంచి పోయింది. నా పొలం ఉండాల్సిన చోట ఎర్రనీళ్లు. తవ్విన గట్టు మొదటి వానకే జారిపోయింది. ఎకరం పదమూడు గుంటలు.