గింజ పట్టిన కండ

హేమ తలలో పురుగు ఉందని అనంతపురం డాక్టరు చెప్పిన మాట ఊరికి పొద్దున ఎనిమిది గంటల బస్సులో వచ్చింది. పది గంటలకల్లా అది పంది పురుగైంది. మధ్యాహ్నానికి సిద్దమ్మ పందుల పురుగైంది! ఊళ్లో పందులున్నది ఆమెకొక్కదానికే మరి, ఇంకెవరి మీద వేస్తారు?

ముదిగుబ్బకు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరి చివర, తుమ్మచెట్ల పక్కన సిద్దమ్మ గుడిసె. మొగుడు పోయి పదేళ్లు. తొమ్మిది పందులే ఆమె సేద్యం, ఆమె బంధుబలగం. హేమేమో వేరుశెనగ చేలున్న బయ్యన్న కోడలు, పాతికేళ్ల పిల్ల. కోడిగుడ్డు కూడా ముట్టదు. ఆ ఇంట్లో కుడితి కుండ పక్కన పెట్టి, "సిద్దక్కా, తీసకపో" అని రోజూ నోరారా పిలిచేది ఆ పిల్లొక్కతే. అలాంటిదానికి మూర్ఛలేంటి, తలలో పురుగేంటి?

సాయంత్రం ఫిల్టరు నీళ్ల దగ్గర జనం చేరారు. రేపటికల్లా పందులన్నీ ఊరు దాటాలన్నారు. సరిగ్గా అప్పుడే నర్సు సరళ బండి ఆపి దిగింది.

"పందులేం చేసినాయప్పా? సర్కారు కట్టిచ్చిన మరుగుదొడ్లల్లో శనక్కాయ మూటలు పెట్టుకొని తుమ్మచెట్ల కాడికి పోయేది మీరు. అది తినేది పంది. దానికి రోగమిచ్చింది మనమే. దాని కండలో తెల్లగా బియ్యపు గింజల మాదిరి కనబడేది ఈ పురుగే" అని దులిపేసింది. "సరిగ్గా ఉడకని పందిమాంసం తిన్నోళ్ల కడుపులో పురుగు పెరుగుతాది. దాని గుడ్లు ఆ మనిషి చేతి మింద నుంచి ఇంకొకరి నోట్లోకి పోతే, అప్పుడు తలకెక్కుతాది. హేమ కూడు ముట్టేవాళ్లల్లో ఎవురికో ఉండాది. ఇంట్లో అందరూ డబ్బాల్లో దొడ్డికి పట్టియ్యండి, పరీక్ష చేపిస్తా. ఉన్నోళ్లకు మాత్రిస్తా, పోతాది."

బయ్యన్న పెద్దగా నవ్వాడు. "మా ఇంట్లో పంది తినేదెవురమ్మా? మా తాతల కాలం నుంచి ఆ వాసనే ఎరగం. ఈ వయసులో నా దొడ్డి డబ్బాలో పట్టియ్యాల్నా? బాగుండాది నీ వైద్యం!"

జనమూ నవ్వారు. సిద్దమ్మ నవ్వలేదు.

ఎందుకంటే ప్రతి ఆదివారం బయ్యన్న బోరు కొట్టం దగ్గరికి కండ తీసుకుపోయేది తనే. ఎండిన శెనగ కట్టె అంటించి, పైపైన కాల్చి, లోపల ఎర్రగా ఉండగానే తినేవాడాయన. అదీ అలాంటిలాంటి కండ కాదు. కోసినప్పుడు లోపల బియ్యపు గింజల్లా తెల్లగా కనబడితే అది బాగా కొవ్వు పట్టిన పంది అనీ, దాని రుచే వేరనీ సిద్దమ్మకు వాళ్ల అత్త నేర్పింది. పెద్దమనిషికి మంచిది పెట్టాలి కదా! ఆ గింజ పట్టిన ముక్కల్నే ఏరి ఏరి తీసుకుపోయేది. ఎంత ఖర్మ!

బోరు ఎండిపోయి మూడేళ్లు. ఆ కొట్టం దగ్గర చెయ్యి కడగడానికైనా, దొడ్డికి పోయి కడుక్కోవడానికైనా చుక్క నీళ్లుండవు. ఇసుకలో రుద్దుకుని ఇల్లు చేరేవాడు. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. సంగటి ముద్దలు పళ్లాల్లో పడగానే, ఇంటి పెద్ద తన వేళ్లతో ముద్ద నడుమ గుంత చేసి, అందులో ఊరిబిండి పచ్చడి పెట్టి అందరికీ ఇవ్వాలి. ఆ తర్వాతే ఎవరైనా ముద్ద ముట్టేది. కోడలికైతే ఇంకో రెండు వేళ్లు ఎక్కువే పెట్టేవాడు, అంత ప్రేమ ఆయనకు.

మర్నాడు తెల్లవారగానే సిద్దమ్మ కొట్టం దగ్గరికి పరిగెత్తింది.

"సామీ, ఆ పురుగు నీ కడుపులోనే ఉండాది. ఆ మాత్ర మింగు సామీ, నీ కాళ్లు మొక్కుతా. పిల్ల బతుకుతాది."

బయ్యన్న చుట్టూ చూశాడు. "అరవొద్దు! నేను పంది తింటానని తెలిస్తే నాకు ఊళ్లో తలెత్తుకొని తిరిగే బతుకుంటాదా? రేపు ఎలక్షన్లో నా మొగానికి ఎవురు ఓటేస్తారు?" తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు నోరు మూసుకో. నీ పందుల జోలికి ఎవురూ రాకుండా నేను చూసుకుంటా."

"మాత్ర మింగుతావా మరి?"

"నర్సమ్మ కాడ గుట్టుగా తీసుకుంటాలే, పో."

పెద్ద పంది ఈనడానికి సిద్ధంగా ఉంది. దాన్ని ఎక్కడికని తోలుకుపోతుంది? ఎవరు రానిస్తారు? సిద్దమ్మ సరేనని తల ఊపి వచ్చేసింది. దారంతా, పెద్దమనిషి మాట తప్పుతాడా అని తనకు తానే చెప్పుకుంది.

పందులు ఉండిపోయాయి. బయ్యన్న ఒక్క మాట అంటే ఊరు మారు మాట్లాడలేదు. కనబడినప్పుడల్లా సిద్దమ్మ కళ్లతోనే అడిగేది. "మింగినాలే" అని విసుక్కునేవాడు. హేమ మందులు వాడుతూ, నీరసంగానే అయినా, కుడితి కుండ పెడుతూనే ఉంది. ఆ కుండ ఎత్తుకునేటప్పుడు సిద్దమ్మకు ఆ పిల్ల మొహం చూడాలంటే సిగ్గుగా ఉండేది. అయినా నోరు విప్పలేదు.

శెనక్కాయలు పీకే రోజుల్లో హేమకు ఆగకుండా మూర్ఛలు వచ్చాయి. అనంతపురంలో మళ్లీ తల ఫోటో తీశారు. మొదట మూడే కనబడిన గడ్డలు ఈసారి లెక్కకు అందలేదట. మూడో రోజు ఆ పిల్ల శవమై ఊరికి వచ్చింది.

దినాలు కాగానే బయ్యన్న వ్యాను తెచ్చాడు. ఆయన ఏడుస్తున్నాడు, అది దొంగ ఏడుపు కాదు. "నా కోడల్ని మింగినాయప్పా ఈ పందులు! ఎత్తండి!" అన్నాడు.

సిద్దమ్మ వ్యానుకు అడ్డం పడింది. "మింగింది పందులా, నువ్వా? ప్రతి ఆదివారం నేను తెచ్చిచ్చిన కండ తిన్యావు! ఆ చేత్తోనే ఆ పిల్లకు ఊరిబిండి పెట్టినావు! మాత్ర మింగుతానని నాకు మాటియ్యల్యా?"

"పందులు పోతాండాయని పెద్దమనిషి మీద నోరు పారేసుకుంటాండావా?" అని బయ్యన్న పక్కింటి నల్లప్ప ఆమె రెక్క పట్టి ఈడ్చేశాడు. ఒక్కరంటే ఒక్కరు బయ్యన్న వైపు తిరిగి చూడలేదు. ఈనిన పందినీ, పిల్లల్నీ చివరగా ఎక్కించారు.

సాయంత్రం సరళ వచ్చి గుడిసె ముందు కూర్చుంది. "మాత్ర కోసం ఆ ఇంటి నుంచి ఎవురూ రాల్యా సిద్దక్కా. నేను నీ మాట నమ్ముతాండా. ఆ పొద్దే ఫిల్టరు కాడ చెప్పింటే, ఆ పిల్లను ఆయప్ప చేతి కూడు నుంచైనా తప్పించేదాన్ని కదా. ఎందుకు చెప్పల్యా?"

సిద్దమ్మ చాలాసేపు ఏడ్చింది.

"నా పందులన్నా మిగుల్తాయనుకున్యానమ్మా" అంది.