ఇరవై రెండో మీటరు దగ్గర

రాజాంలో పెరిగిన షాలినికి ఎమ్మెస్సీ జియాలజీ అయిన ఏడాదికి ఉద్యోగం వచ్చింది. గరివిడికి కొంచెం దూరంలో, ఎప్పుడో మూసేసిన మాంగనీసు గని పక్కన, ఇంకా ఖనిజం మిగిలి ఉందేమో వెతికే పని. ఆమెకు పని నేర్పడానికి కంపెనీ జగన్నాధాన్ని పెట్టింది. అరవై దాటిన మనిషి. వయసులో సగం పైగా ఆ గుట్టల్లోనే గడిపాడు.

మొదటి వారమంతా ఆమె చేత సుత్తితో రాళ్ళు పగలగొట్టించాడు. "పైన మసి ఎవుడికైనా కనబడతాది. పగిలిన మొకం సూడమ్మా, లెన్సు పెట్టి సూడు," అనేవాడు. రాతి పొర ఎటు వాలుతోందో కాంపస్‌తో కొలవడం, డ్రిల్లింగ్‌లో పైకొచ్చిన రాతి ముక్కలను పెట్టెల్లో వరసగా పేర్చి ఏ లోతులో ఏం దొరికిందో పుస్తకంలో రాయడం, అన్నీ ఆయనే నేర్పాడు. కంటితో చూడనిది ఒక్క అక్షరం రాసినా ఊరుకునేవాడు కాదు.

మూడో బోరు ఇరవై రెండో మీటరు దగ్గరకు దిగేసరికి, బోరులోకి పంపుతున్న నీళ్ళు పైకి తిరిగి రావడం మానేశాయి. ఆ వెంటనే డ్రిల్లు రాడ్లు ఒక్కసారిగా మీటరున్నర జారిపోయాయి. బోరు తవ్వే రిగ్ యంత్రం నడిపే ధనరాజ్ ఇంజను ఆపేశాడు.

"కింద ఏటీ నేదు సార్. ఖాళీ."

బోరులోంచి చల్లటి గాలి వచ్చింది. తడిసిన తుప్పు వాసన. జగన్నాధం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మెత్తబడ్డ రాయి అని రాసీ," అన్నాడు షాలినితో.

"రాయే లేదు కదా సార్."

"రాసీమన్నాను కదమ్మా."

ఆమె ఆ గడి ఖాళీగా వదిలేసింది. సాయంత్రం గదికి వెళ్ళి పాత గని పటం తీసి చూసింది. దాని ప్రకారం గని సొరంగం ఆ బోరుకు అరవై మీటర్ల అవతల, లీజు హద్దు దగ్గరే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న గుట్ట వాలులో మేకలు కాస్తున్న లక్ష్మణమ్మ ఆమెను పిలిచింది. దిగువన కనబడే ఇరవై మూడిళ్ళ పేటలోనే ఆమె ఇల్లు.

"ఇదేటో సూడు పాపా. మొన్నటిదాకా నేదు. నిన్న మేకపిల్ల కాలు ఇరుక్కుండిపోనాది."

నేలలో పగులు. తెగిన గడ్డి వేళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. షాలిని పగులుకు ఇటొకటి అటొకటి మేకులు దిగ్గొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచింది. ఎనిమిదింటికి ముప్పై సెంటీమీటర్లు. పన్నెండింటికి ముప్పై ఒకటిన్నర. మూడింటికి ముప్పై నాలుగు. పగులు పేట వైపే సాగుతోంది.

ఆమె పరుగున రిగ్ దగ్గరకు వచ్చింది. జగన్నాధం కొత్త బోరుకి చోటు చూపిస్తున్నాడు. పుస్తకంలోని మూడు అంకెలనూ చాలాసేపు చూశాడు.

"ధనరాజూ, అందరూ దిగిపోండి. సామాను ఒగ్గీండి," అన్నాడు.

పనివాళ్ళు సామాను వదిలేసి దూరంగా వచ్చేశారు. రాతి ముక్కల పెట్టెలు ఉండిపోయాయంటూ జగన్నాధం తనే వెనక్కి వెళ్ళాడు. షాలిని పిలిచినా ఆగలేదు. మొదట రిగ్ లారీ ముందు చక్రాలు దిగబడ్డాయి. తర్వాత లారీ మొత్తం, చెరువులో గేదె దిగినట్టు, నింపాదిగా నేలలోకి దిగిపోయింది. అంచున పడ్డ జగన్నాధాన్ని ధనరాజ్ చెయ్యి పట్టి లాగాడు. కాలు రెండు చోట్ల విరిగింది.

విజయనగరం ఆసుపత్రిలో మర్నాడు కళ్ళు తెరిచి, ఆయన అన్న మొదటి మాట పాత గని పటం గురించే.

"ఆ పటం గీసింది నేనే. ఇరవై మూడేళ్ళ వయసు, కొత్త ఉద్యోగం. గనోళ్ళు హద్దు దాటి తవ్వీసినారు. పటంలో మాత్రం లీజు గీత కాడ ఆపీమన్నారు. ఆపీసాను."

"సొరంగం నిజంగా ఎక్కడిదాకా వెళ్ళింది సార్?"

పెన్సిలు అడిగాడు. ఎక్స్‌రే కవరు వెనక గీత గీశాడు. అది పేట వీధి కిందుగా వెళ్ళి మంచినీళ్ళ నూతి దగ్గర ఆగింది.

"ఇన్నేళ్ళూ పూడిపోయుంటాది అనుకున్నాను."

"కింద సంతకం పెట్టండి సార్."

పెట్టాడు. సంగతి తెలిసి, ఆ కవరు బయటపెట్టొద్దని కంపెనీ మేనేజరు ఫోన్ చేసేసరికి ఆమె తాసిల్దారు ఆఫీసులో ఉంది. సాయంత్రానికల్లా ఇరవై మూడిళ్ళ వాళ్ళనూ నూతికి అవతల దూరంగా ఉన్న బడికి తరలించారు. మేకల్ని వదిలి రానని లక్ష్మణమ్మ మొండికేస్తే, షాలిని నాలుగు మేకల తాళ్ళు తనే పట్టుకుని నడిచింది. నాలుగో రోజు కురిసిన వానకి మొదట నుయ్యి కుంగింది, ఆ వెనకే ఆరిళ్ళు. వాటిలో మనుషులెవరూ లేరు.

కంపెనీ ఆమెను పనిలోంచి తీసేసింది. అయినా మర్నాడు ఆమె జగన్నాధం గీసిన గీత వెంబడే కొలుచుకుంటూ వెళ్ళింది. నుయ్యి దాటాక నేల గట్టిగా ఉండాలి. కానీ అక్కడా సన్నగా పగిలింది. పగులు బడి వైపు తిరిగి ఉంది. ఆసుపత్రిలో ఉన్న ఆయనకి ఫోన్ చేసింది.

"ఇంకేమైనా ఉందా సార్? నిజం చెప్పండి."

"రెండో సొరంగం ఉందని ఆ రోజుల్లో అనుకునేవోరు. నేను దిగి సూడనేదు. అడగానేదు."

షాలిని బడికి వెళ్ళింది. మళ్ళీ మూటలు కట్టుకోమని అందరికీ చెప్పింది. తిట్టినవాళ్ళు తిట్టారు. లక్ష్మణమ్మ మాత్రం లేచి మేకల్ని విప్పింది.

"ఎంత దూరం ఎల్లాల పాపా?"

"తెలీదు మామ్మా," అంది షాలిని.