గ్రహణం పేరు చెప్పి

రూపకు మొదటి కాన్పులో పుట్టిన బాబుకు వీపు కింది భాగం మూసుకోలేదు. అక్కడ చర్మానికి బదులు ఎర్రటి బుడగలాంటి పుండు ఉంది. కాళ్లు కదిలేవి కావు. నల్లగొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో పుట్టి, వారం తిరక్కముందే పోయాడు.

రామన్నపేట దగ్గరి తమ ఊరికి ఒట్టి చేతులతో వచ్చిన సాయంత్రమే, పరామర్శకు వచ్చిన ఆడవాళ్ల ముందు అత్త సైదమ్మ మొదలుపెట్టింది.

"గ్రహణం పూట కత్తిపీట పట్టింది. నేను వద్దంటనే ఉన్న. ఇన్నదా? కడుపుల ఉన్న పిల్లగాని వీపు కోసుకున్నది."

కత్తిపీట పట్టిన మాట నిజమే. రూపకు ఐదో నెల నడుస్తుండగా గ్రహణం వచ్చింది. సైదమ్మ ఆ పొద్దున పొయ్యి ముట్టించనివ్వలేదు. సబ్‌స్టేషన్‌లో డ్యూటీకి పోవాల్సిన విజేందర్ ఆకలైతుందని గొణిగాడు. మొగుణ్ని పస్తుతో ఎట్లా పంపాలని, రూప ఓ దోసకాయ తరిగి, ఉప్పూ కారం కలిపి, రాత్రి మిగిలిన అన్నంలో పెట్టింది. ఆయన తిని బండెక్కి పోయాడు.

ఆ దోసకాయ ముక్కలు ఊరంతా తిరిగాయి. నీళ్ల ట్యాంకు దగ్గర కడుపుతో ఉన్నవాళ్లు రూపను చూసి పక్కకు జరిగేవారు. సీమంతాలకు పిలుపు ఆగిపోయింది. చివరికి రూప కూడా నమ్మింది. తన చేతులే తన బిడ్డను చంపాయనుకుని ఆమె ఏడవని రోజు లేదు. విజేందర్ మాత్రం ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. అది ఆయన మంచితనమనుకుంది.

రెండేళ్లు గడిచాక ఇంకో బిడ్డను కనాలన్న ఆశ పుట్టింది. అదే దవాఖానకు పోదామంటే విజేందర్ డ్యూటీ ఉందన్నాడు. రూప ఒక్కతే బస్సెక్కింది.

డాక్టరమ్మ అంతా విని, "ఫోలిక్ యాసిడ్ గోలీలు మొదలుపెట్టినవా?" అని అడిగింది.

రూపకు అర్థం కాలేదు.

"బి విటమిన్లల అదొకటి. కడుపుల బిడ్డ వెన్ను మొదటి నెలలనే మూసుకుంటది. కడుపైన సంగతి మనకింకా తెల్వకముందే. అప్పుడు తల్లి ఒంట్ల ఈ విటమిన్ సాలకపోతే కొందరు పిల్లలకు వెన్ను మూసుకోదు. ఆకుకూరల్ల, పప్పుల్ల ఉంటది గని తిండి ఒక్కటే సాలదు. కడుపు రాకముందు నుంచే గోలీ మింగాలె. నీకు ఒకసారి అట్ల అయ్యింది గనుక ఎక్కువ మోతాదు రాస్త. అసలే రాదని మాటియ్యలేను. శానా మటుకు తప్పుతది."

"మరి గ్రహణం, మేడం?"

"గ్రహణం నాటికి నీకు ఎన్నో నెల?"

"ఐదో నెల."

"జరగాల్సింది అంతకు మూడు నెలల ముందే జరిగిపోయింది తల్లీ. గ్రహణానికేం తెలుసు పాపం?"

రూప బల్ల మీదికి వంగి అడిగింది. "గీ ముచ్చట నాకు అప్పుడే ఎందుకు చెప్పలే, మేడం?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. "ఇట్లాంటి బిడ్డ పుట్టిన ఇంట్ల చెప్పకుండ నేను ఎవ్వరినీ పంపను. నువ్వు మత్తుల ఉన్నవు. మీ ఆయనను కూసోబెట్టి చెప్పిన. నీకు నిమ్మలమైనంక చెప్పుమన్న."

బస్సు కిటికీలోంచి గాలి కొడుతున్నా రూపకు ఒళ్లు మండిపోయింది. అత్త మాటలు గుర్తొస్తే రాని కోపం, మొగుడి మౌనం గుర్తొస్తే వచ్చింది. తాను పక్కన పడుకుని కుమిలిపోతుంటే వీపు నిమిరిన మనిషికి అన్నీ తెలుసు. నిమిరాడు గానీ నోరు విప్పలేదు.

ఇంటికి చేరేసరికి విజేందర్ వాకిట్లో బండి తుడుస్తున్నాడు.

"డాక్టరమ్మ నీకు విటమిన్ సంగతి చెప్పిందా?"

ఆయన చేతిలో గుడ్డ ఆగిపోయింది. "చెప్పింది."

"మరి నాకు?"

"అప్పటికే అమ్మ అందరికి చెప్పేసింది. కాదంటే అమ్మ ఇజ్జత్ పోతదనుకున్న. కొన్నాళ్లయితే ఊరు మర్చిపోతదనుకున్న."

"నేను గూడ మర్చిపోతననుకున్నవా?"

విజేందర్ మళ్లీ బండి తుడవబోతే రూప గుడ్డ లాక్కుంది.

"ఇంకో బిడ్డ కావాలన్నప్పుడన్న చెప్పకపోతివి. గోలీ లేకుండ మల్ల కడుపైతే, మల్ల గట్లనే పుడితే, అప్పుడు ఏ గ్రహణం మీద పెడుదుమనుకున్నవ్?"

"రూపా, జర మెల్లగ. అమ్మ ఇంట్లనే ఉంది."

ఆ మాటతో ఆమెకు పూర్తిగా తెగింపు వచ్చింది. "నేను మెల్లగనే ఉన్న. రెండేండ్ల సంది మెల్లగనే ఉన్న. ఇప్పుడు నువ్వు గట్టిగ చెప్పాలె. మీ అమ్మ ఎవరెవరికి చెప్పిందో వాళ్లందరి ముందట."

ఆయన సరేననలేదు, కాదనలేదు. రూప ఆయనతో మాటలు మానేసింది.

తర్వాతి ఆదివారం ఆడబిడ్డ కోమలకు ఒడిబియ్యం పోస్తున్నారు. కోమలకు ఈమధ్యే పెళ్లయి హుజూర్‌నగర్‌లో కాపురం పెట్టింది. ఇల్లంతా ఆడవాళ్లు. కోమల పీట మీద కూర్చుంది. తల్లి పోశాక వదిన పోయాలి. రూప పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం తీసుకోబోతే సైదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు పొయ్యి కాడికి పో. కొత్తగ కాపురానికి పోయిన పిల్ల. నీ చేతి బియ్యం వద్దు."

రూప గడప వైపు తిరిగి చూసింది. విజేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"నువ్వు చెప్తవా? నన్ను చెప్పమంటవా?"

ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు. "గ్రహణంతోని ఏం కాలేదు అమ్మా. రూప ఒంట్ల ఒక విటమిన్ తక్కువైంది. దానికి ముందుగాల్నే గోలీలు మింగాలెనట. మనకు తెల్వలేదు. డాక్టరమ్మ నాకు అప్పుడే చెప్పింది. నేనే దాచిన."

సైదమ్మ మొహం మాడిపోయింది. "అయితే నేను అబద్ధం ఆడిన్నా? ఇంతమందిల నన్ను అబద్ధాలకోరును చేస్తున్నవా?"

"నీకు తెల్వదు అత్తా. తెల్వక అన్నవు, అయినా నన్ను రెండేండ్లు కాల్చినవు," అంది రూప. "తెలిసి ఊకున్నది నీ కొడుకు. నా బిడ్డ పోయిండు. పోయినోణ్ని నేనే కోసిన్నని నా నెత్తిన పెట్టిన్రు. మీల ఒక్కరన్న గిదేందని అడిగిన్రా?"

నీళ్ల ట్యాంకు దగ్గర పక్కకు జరిగినవాళ్లలో ఒకరైన బిక్షమ్మ చీర కొంగు సవరించుకుంటూ చూపు తిప్పుకుంది. సైదమ్మ లేచి లోపలి అర్రలోకి పోయి తలుపు వేసుకుంది.

కోమల ఒడి పట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది. తలెత్తి అడిగింది. "వదినా, నేను గూడ మింగాల్నా గా గోలీలు?"

"మింగాలె. రేపే దవాఖానకు పోదాం. నేను తోలుకపోత."

"బియ్యం పొయ్యి మరి," అని కోమల ఒడి చాపింది. రూప పోసింది. ఆమె కళ్లలో నీళ్లు లేవు.

డాక్టరమ్మ రాసిన గోలీని రూప రోజూ మింగింది. అత్త కళ్ల ముందే మింగింది. కొన్ని నెలలకు కడుపు నిలిచి, ఆడపిల్ల పుట్టింది. వెన్ను బాగుంది, కాళ్లు గట్టిగా ఆడిస్తోంది. అది తాను యాదగిరిగుట్టకు మొక్కుకున్నందుకేనని సైదమ్మ ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. రూప ఆ మాటకు అడ్డు చెప్పలేదు. బిక్షమ్మ కోడలు పిల్లల కోసం చూస్తోందని తెలిసి, తానే వాళ్లింటికి పోయి అన్నీ విప్పి చెప్పి వచ్చింది.

ఏ దవాఖానకు పోయినా, డాక్టరు గదిలోకి ఇప్పుడు రూపే పోతుంది. విజేందర్ బయట బెంచీ మీద కూర్చుంటాడు. పిల్లకు నడక వచ్చిన రోజుల్లో ఆయన ఒకసారి, "ఇంకా పోలేదా నీ కోపం?" అని అడిగాడు.

"పోలేదు," అంది రూప. పోతుందని కూడా చెప్పలేదు.