మూత లోపలి గుర్తు

లీలావతి ఊపిరి బిగబట్టి, పట్టకారుతో పట్టుకున్న చేతిగడియారపు చిన్న చక్రాన్ని పైకెత్తింది. వెంట్రుకంత ఇరుసు విరిగిపోయి ఉంది. పెట్టెలో దానికి సరిపోయేది ఇంకొకటే మిగిలింది.

ఆ రోజు ఆయుధపూజ. పొద్దున్నే పనిముట్లకు బొట్లు పెట్టింది, పిడుల మీద మాత్రమే. పనిలో చేరిన మొదటి సంవత్సరం మొనలకూ పెట్టేస్తే ఎవరిదో గడియారం నిండా కుంకుమ పడింది. షాపు యజమాని ఎమిల్ తిట్టలేదు. “మా ఫ్యాక్టరీలో పండగనాడు చర్చి ఫాదర్ వచ్చి మెషీన్ల మీద తీర్థం చల్లేవాడు. మర్నాడంతా మేం తుప్పు తుడుచుకునేవాళ్ళం” అని నవ్వాడు.

స్విట్జర్లాండ్ కొండల్లోని ఆ ఫ్యాక్టరీ గడియారాల లోపలి యంత్రాలు మాత్రమే చేసేది. పైన పేర్లు వేరే కంపెనీలవి. ఎమిల్ తండ్రి అక్కడే పనిచేశాడు, తర్వాత ఎమిల్. బ్యాటరీ గడియారాలొచ్చి అది మూతపడ్డాక, మిగిలిన విడిభాగాలు మూటగట్టుకుని ఎమిల్ అమెరికాలోని అరోరా ఊరికి వచ్చి ఈ షాపు పెట్టాడు.

2001లో భర్త జగదీష్ ఉద్యోగం పోయిన రోజుల్లో లీలావతి బ్యాటరీ మార్పించడానికి ఇక్కడికొచ్చింది. ఆమె జాకెట్టు చేతి మీది పూసల కుట్టును ఎమిల్ వంగి మరీ చూసి, ఎవరు కుట్టారని అడిగాడు. తనేనంది. రేపటి నుంచి పనికి రమ్మన్నాడు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఇక్కడే పనిచేస్తోంది.

ఇప్పుడు ఎమిల్ చేతులు వణుకుతున్నాయి. చివరి రోజులు గడిపే ఆసుపత్రికి సాయంత్రం ఇక్కడి నుంచే వ్యాన్‌లో తీసుకెళ్తారు. ఈలోగా, తండ్రి తన చేతులతో బిగించిన ఈ గడియారం నడవగా వినాలని ఆయన కోరిక.

ఫోన్ మోగింది. జగదీష్.

“లీలా, టెంపుల్‌కి వెళ్దామా? పికప్ చేస్కోనా?”

“ఇప్పుడు కాదండీ. వ్యాన్ వచ్చేలోగా ఇది అవ్వాలి.”

“సరే సరే, కానీ. ఇవాళ అదే నీ పూజ.”

కొత్త ఇరుసు కుదురుగా కూర్చుంది. చక్రం ఒకసారి తటపటాయించి ఊగసాగింది. ఎమిల్ గడియారాన్ని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

“మూత లోపల నీ గుర్తు గీయి.”

బాగుచేసినవాళ్ళు గుర్తు పెట్టడం ఆ వృత్తి ఆచారం. ఇన్నాళ్ళూ ఆమె ఆయన గుర్తే గీసేది.

“షాపు మీది కదా సార్!”

“నా స్క్రూడ్రైవర్లకు బొట్లు పెట్టినదానివి, దీనికి భయమా?”

తండ్రీ కొడుకుల గుర్తుల కింద ఆమె తెలుగులో ‘లీ’ అని గీసింది.

“నత్తలా ఉంది” అన్నాడు ఎమిల్, తృప్తిగా.

దీపావళికి ముందే ఆయన నిద్రలో వెళ్ళిపోయాడు. గడియారం చేతికే ఉందని ఆయన కూతురు ఫోన్‌లో చెప్పింది. లీలావతి ఆయన బల్ల తుడవబోయి ఆగింది. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన బొటనవేలి నుంచి తీసి పెట్టిన, గడియారాలకు చెమట అంటకుండా వేసుకునే రబ్బరు తొడుగు, లోపల ఇంకా వేలున్నట్టే, గుండ్రంగా నిలబడి ఉంది.